పండ్ల చార్టు వెనక గవాక్షం

2023 జనవరి. బెంగళూరులో మహదేవపుర దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు నుంచి లోపలికి దిగే ఒక సందు. ఆ సందు చివర ఒకే గదిలో నడిచే అంగన్‌వాడి. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన అతి చెత్త రిపోర్టు ఆ గది గురించే. అతి గొప్ప పాఠం దొరికిందీ ఆ గదిలోనే.

నేను బ్రూక్‌ఫీల్డ్ వైపు ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నా సబ్జెక్టు పేరు బిల్ట్ ఎన్విరాన్‌మెంట్ అండ్ పబ్లిక్ హెల్త్. ఈ పేరు వినగానే గుంటూరులో మా చుట్టాలు, "ఇంతకీ నువ్వు డాక్టరువా, ఇంజనీరువా?" అని అడుగుతారు. రెండూ కాదు. మనం కట్టుకున్నవన్నీ, అంటే ఇల్లు, మెట్లు, వీధి, మురుగుకాలువ, బస్ స్టాపు మన ఒంటిని ఏం చేస్తాయో చెప్పే చదువు ఇది. మోకాళ్ల నొప్పులని వచ్చినావిడకు డాక్టరు మాత్ర రాస్తారు. మేం వెళ్లి ఆవిడ రోజూ ఎక్కే మెట్టు ఎత్తు కొలుస్తాం. అప్పటికి ఈ పని మొదలుపెట్టి పదకొండేళ్లయింది. నాకు అన్నీ తెలుసు అనిపించే ప్రమాదకరమైన వయసు అది.

ఆ అంగన్‌వాడి సంగతి నాకు చెప్పింది మేఘన. నాలుగో సంవత్సరం విద్యార్థిని. వాళ్ల పూర్వీకులు హొసకోటె దగ్గర పల్లె నుంచి వచ్చి మహదేవపురలో స్థిరపడ్డ తెలుగువాళ్లు. తరగతిలో ఇంగ్లీషు గడగడా మాట్లాడే పిల్ల, నాతో తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ల అవ్వ తెలుగే మాట్లాడేది. మొదట్లో నేను నవ్వుకునేదాన్ని, ఇప్పుడు నా నోటికీ కొంత అంటుకుంది.

"మ్యామ్, మా ఇంటి పక్కన ఒక అంగన్‌వాడి ఉండాది. పిల్లలందరికీ ఒకటే దగ్గు. అమ్మలు పంపించేది నిలిపేస్తా ఉండారు. మార్చి లోపల పిల్లలు ఎక్కువ కాకపోతే సెంటర్ ఎత్తేసి, రింగ్ రోడ్డు అవతల ఉండే సెంటర్లో కలిపేస్తామని సూపర్‌వైజర్ చెప్పిందంట. మూడేళ్ల పిల్లలు ఆ రోడ్డు ఎట్ల దాటుతారు మ్యామ్?"

దాటలేరు. ఆ సందులో అద్దెకుండే తల్లులంతా పక్కన ఉన్న టెక్ పార్కుల్లో హౌస్‌కీపింగ్ పని చేసేవాళ్లే. సెంటర్ లేకపోతే పిల్లల్ని గదిలో పెట్టి గడియ వేసిపోవాలి, లేదా పని మానుకోవాలి. ఎత్తేస్తే ఏమవుతుందో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మర్నాడే వెళ్లాను. ఇక్కడే నేను చేసిన ఘనకార్యం గురించి చెప్పాలి. బెంగళూరులో ఉండేవాళ్లెవరికైనా పొద్దున్నే పుట్టే మొదటి ఆలోచన, ట్రాఫిక్‌ను తప్పించుకోవడం ఎలా అని. నేనూ అందుకు మినహాయింపు కాదు. ఎనిమిది దాటితే రింగ్ రోడ్డు మీద ఇరుక్కుపోతానని, టీచరమ్మకు ముందే ఫోన్ చేసి తాళం తీయించుకుని, ఏడున్నరకల్లా అక్కడ ఉన్నాను.

టీచరమ్మ పేరు గంగరత్నమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. ఆయా పోస్టు ఖాళీగా ఉండటంతో పాఠం, వంట, తుడుపు అన్నీ ఆవిడే. గది నేల అద్దంలా ఉంది. గోడల నిండా అక్షరాల చార్టులు, జంతువుల చార్టులు, వెనక గోడకు పెద్ద పండ్ల చార్టు. ఒక మూల గ్యాస్ స్టవ్. సందువైపు తలుపు, దాని పక్కన ఒక కిటికీ. నేను నిలబడి చూస్తుండగానే సందు చివర కడుతున్న అపార్ట్‌మెంట్లకు కంకర లారీలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నా పేరు రాసుకోవచ్చు, అంత దుమ్ము.

"దినామూ ఫినాయిల్ వేసి తుడుస్తా మేడమ్," అంది గంగరత్నమ్మ. "అయినా దగ్గు పోలేదు. నేను శుభ్రంగా పెట్టుకోలేదని అందరూ నన్నే అంటా ఉండారు."

"మీ తప్పేం లేదమ్మా. ఈ దుమ్ము చూశారా? కిటికీ మూసేయండి. రెక్కల సందుల్లో టేపు అంటించండి. తలుపు కూడా దగ్గరగా వేసి ఉంచండి."

"మూసేస్తే ఉక్క పోయదా మేడమ్?"

"ఫ్యాన్ ఉంది కదా!"

పదకొండేళ్ల అనుభవం ఉన్న నేను ఈ మాట అన్నాను. పది నిమిషాలు గుమ్మంలో నిలబడి, ఆరు ఫోటోలు తీసుకుని, ఎనిమిదికల్లా కాలేజీలో కాఫీ తాగుతున్నాను. నిర్మాణ ధూళి వల్ల శ్వాస సమస్యలు, కిటికీ మూయాలి అని నాలుగు పేజీల రిపోర్టు రాసి, రంగుల్లో ప్రింటు తీసి పంపించాను. చూడటానికి చాలా బాగుంది.

మూడు వారాల తర్వాత ఫిబ్రవరిలో మొత్తం తరగతిని కాలేజీ బస్సులో అక్కడికి తీసుకెళ్లాను. చిన్న మార్పు ఎంత పెద్ద ఫలితమిస్తుందో కళ్లారా చూపిస్తానని ముందురోజు తరగతిలో గొప్పగా చెప్పాను కూడా. క్లాసు టైము ప్రకారం బయలుదేరాం కాబట్టి ఈసారి చేరేసరికి పదకొండయింది.

రిజిస్టరులో ఇరవై నాలుగు మంది పిల్లలు. గదిలో ఉన్నది ఆరుగురు.

గంగరత్నమ్మ నా చేయి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "మీరు చెప్పినట్లే చేసినా మేడమ్. చూడండి, టేపు కూడా రెండు వరసలు అంటించినా. గాలి శుద్ధంగా ఉండాలని పొద్దున, మధ్యాహ్నం సాంబ్రాణి వేస్తా ఉండా. దోమలకు బత్తి కూడా పెడతా. అయినా యాల మేడమ్ పిల్లలు రావడంలేదు?"

ఆ టేపు ఎంత నీటుగా అంటించిందో! ఎక్కడా ముడత లేదు. నా మాట మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి ముఖం చూడలేకపోయాను.

అప్పటికే లోపల సాంబ్రాణి, ఫినాయిల్, మూసిన గది వాసన కలిసి గొంతు పట్టేస్తున్నాయి. ఇంతలో ఆవిడ సాంబారులోకి ఒగ్గరణ వేసింది. మనం పోపు అనేదే. ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి ఘాటు లేచిందో లేదో, నా విద్యార్థులు పద్దెనిమిది మంది దగ్గుకుంటూ సందులోకి పరుగెత్తారు. ఇరవై రెండేళ్ల వాళ్లు. లోపల ఆ ఆరుగురు పిల్లలు మాత్రం చాప మీదే కూర్చుని ఉన్నారు. రేణుక అని నాలుగేళ్ల పాప, వాళ్లందరిలోకీ ఎక్కువగా దగ్గేది, గౌను అంచు పైకి లాగి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మిగతా ఐదుగురూ ఆ పాపను చూసి అలాగే చేశారు. ఎవరూ చెప్పలేదు. రోజూ చేసే పనిలా చేశారు.

బయట మేఘన నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "మ్యామ్, మీరు పోయినసారి ఎన్ని గంటలకి వచ్చింటిరి?"

"ఏడున్నరకి."

"ఏడున్నరకి పిల్లలు యాడ ఉంటారు మ్యామ్? వాళ్లు వచ్చేది తొమ్మిదిన్నరకి. ఎనిమిదయితే మెయిన్ రోడ్డులో పోలీసులు లారీలు వదలరు. పిల్లలు పోయేదాకా మా సందులో ఒక లారీ కూడా రాదు."

నేను సందువైపు చూశాను. పదకొండు గంటల ఎండలో సందు ప్రశాంతంగా ఉంది. ఒక సైకిలు పోతోంది. దుమ్ము లేదు. పిల్లలు లేని వేళ దుమ్ము చూసి, పిల్లలున్న వేళ కిటికీ మూయించాను నేను. అదీ నా ట్రాఫిక్ సౌకర్యం కోసం. మిగతా విద్యార్థులు మా మాటలు విననట్టు ఫోన్లు చూసుకోసాగారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

దాచిపెట్టి లాభం లేదు. అందర్నీ దగ్గరికి పిలిచాను. "నా రిపోర్టు తప్పు. దానివల్ల ఈ పిల్లలకు ఎక్కువ హాని జరిగింది. మొదటినుంచీ మళ్లీ మొదలుపెడదాం. ఈసారి నేను చెప్పను, మీరు కనుక్కోండి," అన్నాను. గంగరత్నమ్మకు కూడా అదే మాట చెప్పి క్షమించమన్నాను.

ఆవిడ కిటికీ దగ్గరికి నడిచింది. తర్వాత, "పోనీండి మేడమ్. ముందు ఆ టేపు పీకేదా?" అంది.

టేపు అప్పుడే పీకేశాం. కిటికీ తెరిచాం. అయినా గది తేరుకోలేదు. కాలేజీ నుంచి తెచ్చిన కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒక చాప మీద పెట్టాం. మనుషులు వదిలిన గాలి గదిలో ఎంత పేరుకుందో చెప్పే చిన్న డబ్బా అది. కిటికీ తెరిచిన తర్వాత కూడా బయటికంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ చూపించింది. మా చదువులో క్రాస్ వెంటిలేషన్ అంటాం. గాలికి రావడానికి ఒక దారి, పోవడానికి ఎదురుగా ఇంకో దారి ఉండాలి. ఈ గదికి వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు. పోయే దారి లేకపోతే వచ్చేది కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

గాలి కంటికి కనపడదు కాబట్టి మేం స్మోక్ టెస్ట్ చేస్తాం. పేరు పెద్దది, పరికరం అగరుబత్తి. వెలిగించి గదిలో మూలమూలా పట్టుకుంటే పొగ ఎటు వాలితే గాలి అటు పోతున్నట్టు. పిల్లల ముక్కు ఎత్తులో గాలి ఎలా ఉందో చూడాలని అందరం నేల మీద కూర్చున్నాం. నేను ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. నిలబడితే తెలియని ఉక్క, కూర్చుంటే తెలిసింది.

అగరుబత్తి మేఘన చేతిలో ఉంది. అక్షరాల చార్టు దగ్గర పొగ నిటారుగా లేచి, సీలింగు కింద ఆగిపోయింది. స్టవ్ దగ్గరా అంతే. జంతువుల చార్టు దగ్గరా అంతే. వెనక గోడకు పోయి స్టూలెక్కి పండ్ల చార్టు పక్కన పట్టుకుంది. పొగ సన్నగా వంగింది. మామిడిపండు బొమ్మ అంచు దగ్గర, కాగితం వెనక్కి దూరి మాయమైంది.

"మ్యామ్!" అని అరిచింది మేఘన. "గోడ పొగ తాగతా ఉండాది!"

చార్టు తీసేశాం. దాని వెనక గోడకు వేసిన రంగే వేసి, మేకులు కొట్టిన ఒక గట్టి అట్ట. అట్ట చుట్టూ సన్నని సందు. ఆ సందులోంచి గాలి పోతోంది. తట్టి చూస్తే బోలుగా మోగింది. అది పాతకాలపు గవాక్షం, మనం ఇళ్లలో వెంటిలేటర్ అంటామే, అది. సీలింగు కింద రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. ఆ గదికి ఉండాల్సిన రెండో దారి ముందునుంచీ అక్కడే ఉంది. దాని మీద పండ్ల బొమ్మలు అంటించి, మేం దాన్నే వెతుకుతున్నాం!

"నేను చేరినప్పుడే అది అట్లే ఉండె," అంది గంగరత్నమ్మ ఆశ్చర్యంగా. "గోడ అనుకుంటి."

ఇంటి ఓనరు మునివెంకటప్పగారిని పిలిపించాం. డెబ్బై ఏళ్ల మనిషి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. పక్కింట్లోనే ఉంటారు. ఆ గది ఒకప్పుడు వాళ్ల నాన్న ఇంట్లో ముందు గది. తనే ఇష్టపడి అంగన్‌వాడికి ఇచ్చారు. అట్ట సంగతి అడిగితే ఆయనకు వెంటనే గుర్తు రాలేదు. కాసేపు గోడవైపు చూసి నవ్వారు.

"అది నేను కొట్టిందేనమ్మా. వెనకాల నా ఆవు ఉండె. గౌరి. పేడ వాసన చిన్న పిల్లలకి రాకూడదని మూసేసినా."

"ఇప్పుడు ఆవు ఉందా?"

"యాడుంది? పొలాలన్నీ ఇళ్ల సైట్లు అయినాక మేత లేక అమ్మేస్తి. ఎనిమిదేళ్లాయ."

వెనక్కి వెళ్లి చూశాం. కొట్టం లేదు. ఖాళీ పెరడు, ఒక కరివేపాకు చెట్టు, శుభ్రమైన నీడ. ఆవు పోయి ఎనిమిదేళ్లయినా, ఆవు కోసం కొట్టిన అట్ట పిల్లల ఊపిరికి అడ్డంగా అలాగే ఉంది. ఇంత తేలిగ్గా దారి దొరికిందని మా వాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"తాతా, ఆ అట్ట తీసేద్దామా?" అంది మేఘన.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "వద్దు పాపా. తీసేది లేదు."

పెరట్లో నేల మీద సున్నంతో గీసిన గీతలు అప్పుడు కనిపించాయి. ఆయన అక్కడ పీజీ కట్టబోతున్నారు, ఐటీ పిల్లలకు నాలుగంతస్తుల హాస్టలు. కొత్త గోడ సరిగ్గా ఆ గవాక్షానికి ఆనుకుని వస్తుంది. ఇప్పుడు దాన్ని తెరిస్తే రేపు కట్టేటప్పుడు ఎవరో వచ్చి గాలికి అడ్డం అని పేచీ పెడతారని ఆయన భయం.

నేను నోరు ఊరుకోక సెట్‌బ్యాక్ గురించి చెప్పాను. ఇంటికీ ఇంటికీ మధ్య వదలాల్సిన ఖాళీ జాగా అది. రూల్సు ప్రకారం ఎలాగూ వదలాలని, వదిలితే మీ హాస్టలు గదులకూ గాలి వస్తుందని ఇంగ్లీషూ తెలుగూ కలిపి ఉపన్యాసమిచ్చాను.

"నాకి రూల్సు చెప్పొద్దండమ్మా," అన్నారాయన గట్టిగా. "ఈ ఊర్లో అందరూ గోడకి గోడ ఆనించి కట్టుకుంటా ఉండారు. నేనొక్కడినే వదలాల్నా? గది సుమ్నే, బాడిగ లేకుండా ఇచ్చింది చాలదా?" తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయారు.

బస్సు ఎక్కబోతున్నాం. మార్చి నెలాఖరుకు ఇంకా ఆరు వారాలు కూడా లేవు. అప్పుడు గంగరత్నమ్మ, అంతవరకు ఎవరి ముందూ గట్టిగా మాట్లాడని ఆవిడ, చీర కొంగు నడుముకు బిగించి ఓనరు గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"అన్నా, పదకొండేళ్లయింది నేను ఈడ చేరి. ఒక దినమన్నా మా పిల్లలతో కూర్చుని నువ్వు అన్నం తినలేదు. రేపు వచ్చి తిని పో."

భోజనానికి పిలిస్తే కాదనే అలవాటు ఆ ఊరి పెద్దలకు లేదు. "అట్లే కానీమ్మా," అన్నారు ఆయన.

మర్నాడు నేనూ మేఘనా కూడా వెళ్లాం. మునివెంకటప్పగారు ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. గంగరత్నమ్మ ఆయనకు కుర్చీ వేయలేదు. పిల్లల పక్కన, చాప మీద, పండ్ల చార్టు కింద కూర్చోబెట్టింది. ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. కిటికీ తెరిచే ఉంది. రోజూ చేసే సాంబారే చేసింది, రోజూ వేసే ఒగ్గరణే వేసింది.

మిరప ఘాటు లేచింది. పోయే దారి లేక అక్కడే తిరిగింది. ముందు ఆయన గొంతు సవరించుకున్నారు. తర్వాత తువ్వాలు నోటికి పెట్టుకున్నారు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న రేణుక ఆయన మోకాలు తట్టింది.

"తాతా, నోరు మూసుకోకూడదు. ఇట్ల ముక్కు మూసుకోవాల. పది లెక్కపెట్టాల. పోతాది," అంది. గౌను అంచు ముక్కుకు పెట్టి చూపించి, "ఒకటి, రెండు, మూడు," అని లెక్కపెట్టింది. మిగతా పిల్లలంతా ముక్కులు మూసుకుని గొంతు కలిపారు.

పది లెక్కపెట్టినా ఆయన దగ్గు తగ్గలేదు. కానీ ఆయన చూస్తున్నది పిల్లలవైపు.

"దినామూ ఇట్లేనా?" అని అడిగారు గంగరత్నమ్మను.

"దినామూ ఇట్లే అన్నా."

ఆయన లేచి నిలబడి గోడ మీది చార్టును, మమ్మల్ని, మళ్లీ పిల్లల్ని చూశారు. "నా గౌరికి కొట్టం కడితే ఇంతకంటే పెద్ద కిటికీ పెట్టింటినప్పా," అన్నారు. "గొడ్డుకి పెట్టినా, బిడ్డలకి మూసినా."

అన్నం తినకుండానే ఇంటికి వెళ్లారు. అలిగారేమోనని నేను హడలిపోయాను. ఐదు నిమిషాల్లో సుత్తి, గునపం పట్టుకుని తిరిగి వచ్చారు. మేఘన సాయం చేయబోతే, "నేను కొట్టిన మేకు నేనే పీకాల పాపా," అని స్టూలెక్కారు. నేను స్టూలు పట్టుకున్నాను. ఒక్కో మేకు ఊడుతుంటే పిల్లలు లెక్కపెట్టారు. పదమూడో మేకుతో అట్ట ఊడి కిందపడింది.

ఆ క్షణం నాకు ఇప్పటికీ ఒంటిమీద తెలుస్తుంది. సందువైపు కిటికీలోంచి గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి, మా తలల మీదుగా గది దాటి, ఆ గవాక్షంలోంచి బయటికి పోయింది. గోడల మీది చార్టులన్నీ పటపటలాడాయి. సీలింగు కింద ఉన్న పొగ మా కళ్లముందే పలచబడి పోయింది. "గాలి వచ్చె! గాలి వచ్చె!" అని పిల్లలు ఎగిరారు. నేనూ ఎగిరాను, నిజంగానే. ఆ తర్వాత మునివెంకటప్పగారు చాప మీద కూర్చుని రెండుసార్లు సాంబారు వడ్డించుకున్నారు.

తర్వాతి పనులన్నీ విద్యార్థులే చేశారు. స్టవ్‌ను గవాక్షం కిందికి మార్చారు, పోపు ఘాటు పుట్టిన చోటు నుంచే బయటికి పోవడానికి. కిటికీకి, గవాక్షానికి దోమతెర బిగించారు, ఇక దోమబత్తి అవసరం లేదు. లారీలు ఆగాక, తొమ్మిదికి గట్టు తడిబట్టతో తుడిచి కిటికీ తెరవాలని గోడ మీద బొమ్మల్లో గీశారు. సాంబ్రాణి దగ్గర మాత్రం పేచీ వచ్చింది.

"దేవునికి కూడా వద్దంటారా?" అని గంగరత్నమ్మ నొచ్చుకుంది.

దానికి మేఘనే దారి చూపింది. "వద్దని యాల అంటాము ఆంటీ? పొద్దున గుమ్మంలో ముగ్గు వేస్తారు కదా, అప్పుడే ఆడే వేయండి. పిల్లలు వచ్చేలోపల అయిపోతాది. దేవునికీ అందతాది, పిల్లలకీ పొగ ఉండదు." ఆవిడ ఒప్పుకుంది.

గవాక్షం మందు కాదు. రేణుకను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లమని వాళ్లమ్మకు చెప్పాం. అక్కడి డాక్టరు మందులు ఇచ్చి, పొగలేని చోట ఉంచమని కూడా చెప్పారు. ఆ రెండో సగం ఇప్పుడు గంగరత్నమ్మ ఇవ్వగలిగింది. పిల్లలు ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. మేఘన రోజూ పొద్దున గుమ్మంలో చెప్పులు లెక్కపెట్టి నాకు ఫోనులో పంపేది. తొమ్మిది జతలు. పన్నెండు. పదిహేడు.

మార్చి ఆఖరి వారంలో సూపర్‌వైజర్ మేడమ్ వచ్చే రోజు, నేను తొమ్మిదిన్నరకే చేరాలని ట్రాఫిక్‌లోకే బయలుదేరాను. గంటన్నర ఇరుక్కున్నాను. మొదటిసారి ఆ గంటన్నర నాకు దండగ అనిపించలేదు. గదిలో ఇరవై ఒక్కమంది ఉన్నారు. సూపర్‌వైజర్ మేడమ్ గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, ఆగి, చుట్టూ చూశారు.

"ఏమ్మా, గది పెద్దది చేయించావా?"

"లేదు మేడమ్," అంది గంగరత్నమ్మ. "గోడకి ముక్కు పెట్టించినాము."

మేడమ్ నవ్వలేదు. ఒగ్గరణ అయ్యేదాకా కూర్చున్నారు. పిల్లల్లో ఎవరూ ముక్కు మూసుకోలేదు. రిజిస్టరులో సెంటర్ ఇక్కడే కొనసాగించాలి అని కన్నడలో రాసి సంతకం పెట్టారు. అది చదవగానే గంగరత్నమ్మ చాప మీద కూలబడి ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం చూసి రేణుక, "మిస్సు, ముక్కు మూసుకో, పది లెక్కపెట్టు," అంది. అందరం నవ్వాం, ఏడుస్తూనే.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. గదిని గుమ్మంలో నిలబడి చూడకూడదు. అందులో ఊపిరి పీల్చేవాళ్లు ఏ వేళకు వస్తారో ఆ వేళకు వెళ్లాలి, వాళ్లు కూర్చునే చోట కూర్చోవాలి. ప్రతి ఏడూ నా మొదటి క్లాసులో ఆ నాలుగు పేజీల రిపోర్టును, రంగు ఫోటోలతో సహా, పైకి చదివి వినిపిస్తాను. తప్పు ఎక్కడుందో కనుక్కోమంటాను. ఏడున్నర అన్న మాట దగ్గర ఎవరో ఒకరు చేయి ఎత్తుతారు. ఎత్తినవాళ్లకు ఒక అగరుబత్తి ప్యాకెట్టు ఇస్తాను.

మునివెంకటప్పగారి పీజీ పోయినేడు పూర్తయింది. నాలుగంతస్తులు. అంగన్‌వాడి గోడకూ దానికీ మధ్య మనిషి చేతులు చాచి నడిచేంత ఖాళీ ఉంది. కరివేపాకు చెట్టు అందులోనే ఉంది. ఆ సందులో ఇప్పుడు ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ఆయన మేస్త్రీ దగ్గరికి పోయి, "గాలి వచ్చేది చూస్తిని, పోయేది యాడప్పా?" అని నిలదీస్తారట. నాకు జీతమిచ్చి చేయించే పని ఆయన ఊరికే చేస్తున్నారు.

ఈ ఏడు కొత్త తరగతితో అక్కడికి వెళ్లాను, పదకొండు గంటలకు. అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి నోటుబుక్కు తీశాను. లోపల స్టవ్ మీద ఆవాలు చిటపటలాడుతున్నాయి. గంగరత్నమ్మ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, నా చేతిలో పుస్తకం లాక్కుని, గవాక్షానికి ఎదురుగా పిల్లల మధ్య నన్ను కూర్చోబెట్టింది. తర్వాత పుస్తకం తిరిగి ఇచ్చింది.

"ఇప్పుడు రాసుకోండి మేడమ్," అంది.